భూకక్ష్య దాటే మానవయాత్ర: లెక్క తిరుగు దారి నుంచే

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: 1969లోనే చంద్రుడి మీద కాలు పెట్టిన మనిషి అంగారకుడి దాకా ఇంకా ఎందుకు వెళ్లలేదు? తగినంత పెద్ద రాకెట్ కడితే సరిపోదా? అసలు భూకక్ష్య దాటే మానవయాత్రకు ప్రణాళిక ఎక్కడ మొదలుపెడతారు? మీరు ఇంజనీరింగ్ చివరి ఏడాది విద్యార్థినని రాశారు కాబట్టి కొన్ని లెక్కలతోనే చెబుతాను.

మూడో ప్రశ్నతో మొదలుపెడితే మొదటి రెండింటికీ జవాబు దానంతటదే వస్తుంది. ప్రణాళిక తిరుగు ప్రయాణం దగ్గర మొదలవుతుంది. నా ఉద్యోగ జీవితమంతా కక్ష్యల లెక్కలతో గడిచింది. అవి మనుషులు లేని ఉపగ్రహాల లెక్కలు. ఉపగ్రహం గమ్యం చేరితే చాలు. ఆయుష్షు తీరేదాకా పనిచేస్తుంది, ఆ తర్వాత దాని కోసం ఎవరూ ఎదురుచూడరు. మనిషిని ఎక్కించే యాత్రలో మాత్రం మొదటి గీత అవతలి చివర నుంచి పడుతుంది. పారాచూట్లు విచ్చుకుని క్యాబిన్ సముద్రంలో దిగే క్షణం నుంచి వెనక్కి నడుచుకుంటూ వస్తారు. ప్రతి మలుపు దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకుంటారు. ఇక్కడ ఏదైనా చెడితే వీళ్లు ఎంతసేపట్లో నేల మీద ఉంటారు? అందుకు కావలసిన ఇంధనం ఆ క్షణాన ఏ ట్యాంకులో ఉంటుంది?

భూకక్ష్యలో ఈ ప్రశ్నలకు జవాబులు సులువు. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి విడిపోయిన సోయజ్ నౌక మూడున్నర గంటల్లో కజకిస్థాన్ మైదానంలో దిగుతుంది. 2022 డిసెంబరులో ఆ కేంద్రానికి తగిలించి ఉన్న సోయజ్ ఎంఎస్-22 నుంచి శీతలీకరణ ద్రవం కారిపోయింది. అందులో మనుషులను వెనక్కి తేవడం క్షేమం కాదని తేల్చి, 2023 ఫిబ్రవరిలో మరో సోయజ్‌ను ఖాళీగా పైకి పంపారు. ఆరు నెలలకని వెళ్లిన ఫ్రాంక్ రూబియో 371 రోజులకు ఇల్లు చేరాడు. ఇబ్బంది పడ్డాడు, అంతే. కింద నుంచి ఇంకో నౌకను పంపగలిగిన దూరం కాబట్టి అది ఇబ్బందితో ఆగింది. భూకక్ష్య దాటడం అంటే ముందుగా ఈ వెసులుబాటును వదులుకోవడం. కిలోమీటర్ల సంగతి ఆ తర్వాత.

ఇక పెద్ద రాకెట్ సంగతి. భూకక్ష్య నుంచి చంద్రుడి దారి పట్టాలంటే వేగం సెకనుకు సుమారు 3.2 కిలోమీటర్లు పెరగాలి. చంద్రుడి దగ్గర తక్కువ ఎత్తు కక్ష్యలో నిలవడానికి 0.9 తగ్గాలి, ఇంటిదారి పట్టడానికి మళ్లీ 0.9 పెరగాలి. ఈ వేగాల మార్పునే మేము డెల్టా-వీ అంటాం. త్సియోల్కోవ్‌స్కీ సమీకరణం తెలిసినవారికి ఇందులోని కష్టం వెంటనే కనిపిస్తుంది: వేగాలు కూడుకుంటూ పోతే బరువులు గుణించుకుంటూ పోతాయి. హైడ్రోజన్, ఆక్సిజన్ మండించే ఇంజన్ నుంచి వాయువులు సెకనుకు దాదాపు 4.4 కిలోమీటర్ల వేగంతో వెలువడతాయి. దానితో మొదటి అడుగు వేయాలంటేనే బయలుదేరే బరువు రెట్టింపు దాటుతుంది. రోజుల తరబడి నిల్వ ఉండే ఇంధనంతో వేసే మిగతా రెండు అడుగులకు ఒక్కోదానికి 1.34 రెట్లు. అన్నీ గుణిస్తే, చంద్రుడి కక్ష్య దాకా వెళ్లి వచ్చే ఒక్క టన్ను కోసం భూకక్ష్యలో 3.7 టన్నులు ఉండాలి. ఇందులో ట్యాంకులు, ఇంజన్ల బరువు కలపనేలేదు. వీటిని భూకక్ష్యకు చేర్చడానికి నేల మీద ఇంకో ఇరవై రెట్లు వేసుకోండి. 2,900 టన్నులతో నిలబడ్డ శాటర్న్-5 రాకెట్‌లో చివరికి పసిఫిక్ సముద్రంలో దిగింది సుమారు 5 టన్నుల క్యాబిన్. రాకెట్‌ను పెద్దది చేయడం కంటే, ఇంటికి తేవాల్సిన బరువును, మధ్యలో దించి మళ్లీ లేపాల్సిన బరువును తగ్గించడం ఎందుకు లాభమో ఈ లెక్కే చెబుతుంది.

అపోలోలో జరిగిన అసలు వాదన ఇదే. మొత్తం నౌకను నేరుగా చంద్రుడి నేల మీదికి దించి, అదే నౌకలో తిరిగి లేవాలన్నది చాలామంది మొదటి ఆలోచన. దానికి శాటర్న్-5 కూడా చాలేది కాదు. ఉష్ణకవచం, పారాచూట్లు, ఇంటిదారి ఇంధనం చంద్రుడి నేల మీద దేనికీ పనికిరావు, మరి వాటిని దించడం ఎందుకు, మళ్లీ లేపడం ఎందుకు అని నాసా లాంగ్లీ కేంద్రానికి చెందిన జాన్ హూబోల్ట్ పట్టుబట్టాడు. తన పై అధికారులందరినీ దాటేసి 1961 నవంబరులో నాసా ఉన్నతాధికారి రాబర్ట్ సీమన్స్‌కు నేరుగా లేఖ రాశాడు. ప్రభుత్వ సంస్థలో పనిచేసినవారికి ఆ సాహసం విలువ తెలుస్తుంది. తల్లినౌకను చంద్రకక్ష్యలో వదిలి, చంద్రనౌక అనే చిన్న నౌకలో ఇద్దరే దిగి, తిరిగొచ్చి కలుసుకోవడం ఆయన మార్గం. 1962 జూన్‌లో శాటర్న్ రాకెట్ల రూపకర్త వాన్ బ్రాన్ కూడా దీనికే ఒప్పుకున్నాడు. అప్పటికి భూకక్ష్యలో కూడా రెండు నౌకలు ఒకదానితో ఒకటి డాకింగ్ చేసుకోలేదు. అది 1966 మార్చిలో జెమిని-8తో జరిగింది. ఇంట్లోనే చేయని పనిని 3,84,000 కిలోమీటర్ల దూరాన చేయాలని ముందే ఒప్పేసుకున్నారన్నమాట. బరువు తగ్గించుకోవడానికి ప్రమాదాన్ని ఒక చోట నుంచి ఇంకో చోటికి జరిపారు. మానవయాత్రల ప్రణాళికలో పెద్ద నిర్ణయాలన్నీ ఇలాంటి బేరాలే.

ఆ బేరంలో ప్రాణాలకు దన్నుగా పెట్టుకున్నది ఫ్రీ రిటర్న్ దారి. ఇంజన్ మళ్లీ వెలగకపోయినా చంద్రుడి ఆకర్షణే నౌకను వెనక్కి తిప్పి భూమి వైపు పంపేలా ముందే దారిని ఎంచుకుంటారు. అపోలో-8, 10, 11 ఇలాగే వెళ్లాయి. ఆ తర్వాత దిగాల్సిన చోట్లు మారాయి. వాటిని అందుకోవడానికి, మధ్యలో ఆ దారిని వదిలేసే పద్ధతి వచ్చింది. 1970 ఏప్రిల్‌లో అపోలో-13లో ఆక్సిజన్ ట్యాంకు పేలేసరికి నౌక భూమికి 3 లక్షల 20 వేల కిలోమీటర్ల దూరంలో ఉంది, ఫ్రీ రిటర్న్ దారిని అప్పటికే వదిలేసింది. అలాగే పోతే భూమిని అందుకోదు. పేలిన కొన్ని గంటలకు చంద్రనౌక ఇంజన్‌ను కాసేపు మండించి మళ్లీ ఆ దారిలోకి తెచ్చారు. చంద్రుడిని చుట్టాక ఇంకోసారి మండించి ప్రయాణ సమయాన్ని కోశారు.

ఈ కథను సాధారణంగా సమయస్ఫూర్తి కథగా చెబుతారు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చే గుండ్రటి డబ్బాల స్థానంలో నలుచదరపు డబ్బాలను గొట్టాలతో, టేపుతో బిగించిన ఘట్టం అందరికీ ఇష్టం. నాకు మాత్రం అందులో ప్రణాళికే ఎక్కువ కనిపిస్తుంది. చంద్రనౌకను ప్రాణనౌకగా వాడే అవకాశాన్ని అంతకు ఏళ్ల ముందే కాగితం మీద పరిశీలించారు. తల్లినౌకతో కలిసి ఉండగానే చంద్రనౌక ఇంజన్‌ను మండించడాన్ని 1969 మార్చిలో అపోలో-9 భూకక్ష్యలో చేసి చూపించింది. ఇద్దరికి రెండు రోజులకని కట్టిన నౌక ముగ్గురిని నాలుగు రోజులకు దగ్గరగా బతికించింది. దీనికి ఇంకో వైపు కూడా చూడండి. 1968 డిసెంబరులో అపోలో-8 వెళ్లినప్పుడు చంద్రనౌక తయారు కాలేదు, అది లేకుండానే వెళ్లారు. అదే ట్యాంకు అపోలో-8లో పేలి ఉంటే ఎక్కడానికి రెండో నౌక లేదు. ఫ్రీ రిటర్న్ దారి వాళ్ల శరీరాలను మాత్రం సమయానికే భూమికి చేర్చేది.

ఇక్కడ చాలామంది తెలుగు పాఠకులు అడిగే మాట ఒకటుంది: అపోలో నాలుగు రోజుల్లోపే చంద్రుడిని చేరితే, చంద్రయాన్-3కి 2023 జులై 14 నుంచి ఆగస్టు 23 దాకా 40 రోజులు ఎందుకు పట్టింది? మన ఎల్‌వీఎం-3 రాకెట్ నౌకను నేరుగా చంద్రుడి దారిలో పెట్టలేదు కాబట్టి, భూమి చుట్టూ కక్ష్యను అంచెలంచెలుగా పెంచుకుంటూ వెళ్లారు. యంత్రానికి అది తెలివైన పద్ధతి, పొదుపు కూడా. మనుషులుంటే మాత్రం ఆ పొదుపు ఖర్చుగా మారుతుంది. ప్రతి చుట్టులోనూ భూమి చుట్టూ ఉన్న వాన్ అలెన్ వికిరణ వలయాలు దాటాలి, ప్రతి రోజుకూ గాలి, నీరు, తిండి కావాలి. ఉపగ్రహం విషయంలో సమయం చవక, ఇంధనం ఖరీదు. మనిషి విషయంలో రెండూ ఖరీదే.

ఒక ట్యాంకు పరిమాణం మొత్తం యాత్ర ఆకారాన్ని ఎలా నిర్ణయిస్తుందో చూడాలంటే, నాసా కొత్త చంద్రయాత్రల కార్యక్రమం ఆర్టెమిస్ కోసం కట్టిన ఒరాయన్ నౌక మంచి ఉదాహరణ. అపోలో సర్వీస్ మాడ్యూల్‌లో, అంటే క్యాబిన్ వెనక ఇంజన్, ట్యాంకులు ఉండే భాగంలో, 18 టన్నుల పైన ఇంధనం ఉండేది. ఒరాయన్ క్యాబిన్ అపోలో క్యాబిన్ కంటే చాలా బరువు, నలుగురు పడతారు. కానీ ఐరోపా వారు కట్టిన దాని సర్వీస్ మాడ్యూల్‌లో ఉన్నది 8.6 టన్నులు. దాంతో వచ్చే డెల్టా-వీ సెకనుకు సుమారు 1.2, 1.3 కిలోమీటర్లు. తక్కువ ఎత్తు చంద్రకక్ష్యలోకి వెళ్లి రావడానికి 1.8 కావాలని పైన చూశాం. అంటే ఒరాయన్ అక్కడికి వెళితే తిరిగి రాలేదు. అందుకే చంద్రుడి చుట్టూ తిరిగేలా తలపెట్టిన గేట్‌వే కేంద్రం కోసం, ఒరాయన్ కోసం ఓ పొడవాటి కక్ష్యను ఎంచుకున్నారు. దాని దూరపు కొస చంద్రుడికి 70,000 కిలోమీటర్ల అవతల ఉంటుంది, ఒక చుట్టుకు ఆరున్నర రోజులు పడుతుంది. ఆ కక్ష్యలోకి వెళ్లిరావడం చవకే. కానీ అపోలో తల్లినౌక రెండు గంటలకోసారి తలమీదుగా వచ్చేది. ఇక్కడ నేల మీద ఉన్నవారికి ఏదైనా అయితే తల్లినౌకను అందుకోవడానికి రోజులు పట్టవచ్చు. దిగే నౌకకు భారం కూడా పెరుగుతుంది. కార్యక్రమాల పేర్లూ తేదీలూ ప్రభుత్వాలతో పాటు మారుతుంటాయి, వాటిని నేను పెద్దగా పట్టించుకోను. ట్యాంకులో 8.6 టన్నులున్నంత కాలం ఈ లెక్క మారదు.

ఆర్టెమిస్-2 ప్రణాళికలో నాకు నచ్చిన భాగం వేరే. నౌకను వెంటనే చంద్రుడి వైపు పంపకుండా, ముందు భూమి చుట్టూ ఒక రోజు పట్టే ఎత్తయిన కక్ష్యలో పెట్టాలని గీశారు. నలుగురు మనుషులు లోపల ఊపిరి తీస్తూ, చెమట పోస్తూ, వ్యాయామం చేస్తూ ఉంటే గాలిని శుద్ధిచేసే వ్యవస్థ ఎలా పనిచేస్తుందో ఆ రోజంతా చూడాలి. బాగాలేకపోతే గంటల్లో ఇంటికి. బాగుంటేనే చంద్రుడి దారి, అదీ ఫ్రీ రిటర్న్ దారే. వెనక్కి తిరగడం చవకగా ఉన్న చోటనే పరీక్షలు ముగించుకోవడం అంటే ఇది.

తిరుగు దారిలో ఆఖరి గడప వాతావరణం. భూకక్ష్య నుంచి వచ్చే నౌక సెకనుకు సుమారు 7.8 కిలోమీటర్ల వేగంతో తాకితే, చంద్రుడి నుంచి వచ్చేది 11తో తాకుతుంది. వేగం నలభై శాతం పెరిగితే వదిలించుకోవాల్సిన శక్తి రెట్టింపు. 2022 చివర్లో మనుషులు లేకుండా వెళ్లొచ్చిన ఆర్టెమిస్-1 ఉష్ణకవచం అనుకున్న తీరులో కరగలేదు, చోటుచోటున ముక్కలుగా ఊడింది. లోపల పుట్టిన వాయువులు బయటపడే దారి లేక పదార్థాన్ని పగలగొట్టాయని దర్యాప్తులో తేలింది. అంగారకుడి నుంచి వచ్చే నౌక వేగం 12 దాటవచ్చు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. ఎంతసేపట్లో నేల మీద ఉంటారు, అందుకు ఇంధనం ఎక్కడుంది అన్న ఆ రెండు ప్రశ్నలకు అంగారకుడి దగ్గర జవాబులు మాయమవుతాయి. భూమి, అంగారకుడు మళ్లీ అనువైన స్థానాల్లోకి రావడానికి సుమారు 26 నెలలు పడుతుంది. శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న బయలుదేరిన మంగళయాన్ ఆ లాంచ్ విండోను, అంటే బయలుదేరడానికి అనువైన గడువును, తప్పిపోయి ఉంటే మళ్లీ 2016 దాకా ఆగాల్సి వచ్చేది. తిరిగి రావడానికీ అలాంటి ముహూర్తమే కావాలి. తక్కువ ఇంధనంతో వెళ్లే పద్ధతిలో పోవడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు, అక్కడ దాదాపు 500 రోజులు, రావడానికి మళ్లీ అన్ని నెలలు. మొత్తం 900 రోజుల పైమాటే. ఆ 500 రోజులు పరిశోధన కోసం అనుకుంటారు చాలామంది. సగం నిజం. భూమి సరైన చోటికి వచ్చేదాకా వేచి ఉండక తప్పదు, ఎలాగూ ఉంటారు కాబట్టి పరిశోధన చేస్తారు. నెలా రెండు నెలలు ఉండి వచ్చేసే పద్ధతి కూడా ఉంది, శుక్రుడి పక్కగా తిరిగి రావచ్చు. దానికి ఇంధనం విపరీతంగా పెరుగుతుంది, అంతరిక్షంలో గడిపే కాలమూ పెరుగుతుంది.

అంగారకుడికీ ఫ్రీ రిటర్న్ దారులు లేకపోలేదు. 2018లో ఒక అరుదైన అమరిక ఉందని, దిగకుండా చుట్టి 501 రోజుల్లో రావచ్చని, సొంత ఖర్చుతో అంతరిక్షానికి వెళ్లొచ్చిన అమెరికన్ డెనిస్ టిటో 2013లో ఒక ప్రతిపాదన తెచ్చాడు. ఆ యాత్ర జరగలేదు. జరిగినా, మూడో వారంలో ఏదైనా చెడితే మిగిలిన 480 రోజులు దానితోనే గడపాలి. బయలుదేరిన కొద్దికాలం దాటాక అంగారకుడి యాత్రలో ముందుకు పోవడమే వెనక్కి రావడం. చంద్రయాత్ర రక్షించడం మీద నడిచే ప్రణాళిక, అంగారక యాత్ర ఓర్చుకోవడం మీద నడిచే ప్రణాళిక. కిలోమీటర్లు పెరిగాయి కాబట్టి అదే ప్రణాళికను పెద్దది చేద్దామంటే కుదరదు.

ఓర్చుకోవడం అంటే ఏమిటో తిండితో చూడండి. ప్యాకింగుతో కలిపి మనిషికి రోజుకు 1.8 కిలోలు, నలుగురికి, 900 రోజులకు: ఆరున్నర టన్నులు. నీటి సంగతి నయం. అంతరిక్ష కేంద్రంలో మూత్రం, చెమట నుంచి 98 శాతం నీటిని తిరిగి పొందగలుగుతున్నట్టు 2023లో తేలింది. అయితే ఆ యంత్రాలను బాగుచేసినప్పుడల్లా విడిభాగాలు వచ్చింది భూమి నుంచే. 2010 జులైలో కేంద్రంలో శీతలీకరణ పంపు ఆగిపోతే మూడు స్పేస్‌వాక్‌లు చేసి కొత్తది బిగించారు. అంత బరువైన పంపు ముందే అక్కడ నిల్వ ఉండబట్టి సరిపోయింది. 900 రోజుల యాత్రకు ఏది చెడుతుందో ముందే తెలియదు కాబట్టి అన్నిటికీ విడిభాగాలు మోయాలి. మోసిన వాటిలో చాలావరకు విప్పకుండానే తిరిగొస్తాయి, అయినా మోయాలి. నన్నడిగితే అంగారక యాత్రను ఆపుతున్న వాటిలో రాకెట్ కంటే ఇదే ముందుంటుంది. చూడటానికి గొప్పగా ఉండదు కాబట్టి దీని గురించి టీవీలో ఎవరూ మాట్లాడరు.

వైద్యం కూడా అంతే. అంతరిక్ష కేంద్రంలో రెండు నెలలుగా ఉన్న ఒక వ్యోమగామి మెడ సిరలో రక్తం గడ్డకట్టినట్టు పరీక్షలో బయటపడిన సంగతి 2020లో వైద్యపత్రికలో వచ్చింది. ఉన్న కొద్దిపాటి ఇంజెక్షన్లను పొదుపుగా వాడుతూ నెట్టుకొచ్చారు, తర్వాత సరుకుల నౌకలో మాత్రలు పంపారు. భూమి నుంచి డాక్టర్లు మాట్లాడుతూ చూసుకున్నారు. అంగారకుడి దగ్గరైతే ఒక్క మాట చేరడానికే 3 నుంచి 22 నిమిషాలు. సూర్యుడు అడ్డొచ్చినప్పుడు రెండు వారాల పాటు మాటే ఉండదు. సరుకుల నౌక ఊసే లేదు.

వికిరణం గురించి భయపెట్టే రాతలు చాలా ఉన్నాయి, అంకెలు చెప్పి వదిలేస్తాను. అంగారకుడి మీద దిగిన క్యూరియాసిటీ రోవర్ వెళుతూ దారిలో కొలిచింది రోజుకు సుమారు 1.8 మిల్లీసీవర్ట్‌లు (శరీరానికి తగిలే వికిరణ మోతాదుకు కొలమానం), నేల మీద సుమారు 0.7. రానుపోను 360 రోజులు, అక్కడ 500 వేసుకుంటే 1,000 మిల్లీసీవర్ట్‌లు అవుతుంది. నాసా తన వ్యోమగామికి జీవితకాలమంతటికీ పెట్టుకున్న పరిమితి 600. దీనికి తోడు సౌర తుపానులు. 1972 ఆగస్టులో వచ్చిన భారీ తుపాను ఏప్రిల్‌లో వెళ్లిన అపోలో-16కూ డిసెంబరులో వెళ్లిన అపోలో-17కూ మధ్యలో పడింది. అది ప్రణాళిక కాదు, అదృష్టం.

దిగడం దగ్గర ఇంకో గోడ. అంగారకుడి మీద ఇప్పటిదాకా సురక్షితంగా దించిన వాటిలో బరువైనవి టన్ను ప్రాంతంలో ఉన్న రోవర్లు. 2021లో దిగిన పర్‌సెవెరెన్స్ 1,025 కిలోలు. మనుషులకు 20 టన్నులు, ఆపైన దించాలి. మన గాలి పీడనంలో ఒక శాతం కూడా లేని వాతావరణంలో పారాచూట్లు ఆ బరువును ఆపలేవు.

అందుకే నాసా 2009 నాటి నమూనా ప్రణాళికలో ఇంటికి తెచ్చే నౌక మనుషుల కంటే ముందు వెళుతుంది. ఒక విండో ముందే సామాన్లు, తిరిగి లేచే రాకెట్ అంగారకుడికి చేరాలి. ఆ రాకెట్‌కు కావలసిన ఆక్సిజన్‌ను అక్కడి కార్బన్ డయాక్సైడ్ నుంచి యంత్రం తయారుచేసి ట్యాంకు నింపాలి. నిండిందని తెలిశాకే మనుషులు భూమి వదలాలి. అంత చేసినా అణు ఇంజన్లతో భూకక్ష్యలో 800 టన్నుల పైన పోగుచేయాలి, రసాయన ఇంధనంతో అయితే 1,200 దాటుతుంది. నలుగురిని లేపే రాకెట్‌కు సుమారు 25 టన్నుల ఆక్సిజన్, 7 టన్నుల ఇంధనం కావాలని నాసా అంచనా. పర్‌సెవెరెన్స్‌లో ఆక్సిజన్ తయారీని పరీక్షించే మాక్సీ పెట్టె 2021 నుంచి 2023 వరకు 16 సార్లు నడిచి మొత్తం 122 గ్రాములు తయారుచేసింది. ప్రయోగంగా అది పూర్తి విజయం. 122 గ్రాములకూ 25 టన్నులకూ మధ్య ఎంత పని మిగిలి ఉందో మీరే భాగహారం చేసుకోండి.

మన దేశం సంగతి కూడా అడుగుతారని తెలుసు. గగన్‌యాన్ లక్ష్యం 400 కిలోమీటర్ల భూకక్ష్య, అంటే గంటల్లో ఇంటికి రాగలిగే చోటు. 2040 నాటికి చంద్రుడి మీద భారతీయుడు దిగాలన్నది ప్రకటించిన లక్ష్యం. అందుకు వేసిన అడుగుల్లో అందరూ రాకెట్ల పేర్లే గుర్తుపెట్టుకుంటారు. నేను మాత్రం 2025 జనవరి 16న ఇస్రో స్పేడెక్స్ ఉపగ్రహాలు రెండు డాకింగ్ చేసుకున్న రోజును గుర్తుపెట్టుకుంటాను. ఒకే రాకెట్‌తో అంతా తీసుకెళ్లలేనివారికి కక్ష్యలో జతచేయడం తప్ప వేరే దారి లేదు. ఇక చూడాల్సింది నలుగురైదుగురిని నెలల తరబడి బతికించే ప్రాణాధార వ్యవస్థను.

మీరు నిజంగా ఈ రంగంలోకి రావాలనుకుంటే ఒక పని చేయండి. అంగారకుడి నేల నుంచి కక్ష్యకు లేచే నౌకతో మొదలుపెట్టండి. డెల్టా-వీ సెకనుకు 4.1 కిలోమీటర్లు, మీథేన్ ఇంజన్ నుంచి వాయువుల వేగం 3.6 వేసుకోండి. ఆక్సిజన్‌ను అక్కడే తయారుచేస్తే దించాల్సిన బరువెంత, ఇక్కడి నుంచి మోస్తే ఎంత అని రెండు విధాలుగా కట్టి, భూకక్ష్య దాకా వెనక్కి లెక్కించండి. ట్యాంకుల బరువు మరచిపోవద్దు. రెండు జవాబులూ రాసి చూపించండి, సరిచూసి చెబుతాను.